పగటిపాల సైకిల్

19 సెప్టెంబర్ 2011, సోమవారం. జగిత్యాల

సకల జనుల సమ్మె మొదలై వారం అవుతోంది. ఈ రోజు నుంచి బస్సులు కూడా లేవు. డ్రైవర్లు డిపో గేటు ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. న్యాయమైన సమ్మె. శిబిరానికి నూటొక్క రూపాయలు ఇచ్చి రసీదు అడిగాను. రసీదు పుస్తకం లేదన్నారు. తెప్పించమన్నాను.

ఇబ్బందల్లా మనవరాలు మన్ను పగటిపాలకే. కోడలు సుస్మిత నర్సుగా పనిచేసే ఆస్పత్రి ఇంటికి మూడు కిలోమీటర్లు. ఆస్పత్రులకు సమ్మె లేదు. ఏడాదిన్నర పిల్ల పొద్దున, రాత్రి ఇంట్లోనే తల్లిపాలు తాగుతుంది. మధ్యాహ్నం నేను బస్సులో తీసుకుపోయి తాగించుకుని వస్తాను. ఇంతవరకు ఒక్క రోజు తప్పలేదు. ఈ రోజు ఆటోవాడు పది రూపాయల చోట నలభై అడిగాడు.

"బస్సుల్లేవు గద టీచరమ్మా."

"బస్సులు లేకపోతే మీ ఆటో డీజిల్ ఎక్కువ తాగుతుందా?"

ముప్పై తీసుకున్నాడు.

రాత్రి షార్జా నుంచి మా సతీశ్ ఫోన్. "అమ్మా, గీ బందులు ఎన్నటికి ఒడుస్తయో ఏమో. మన్నును సిరిసిల్లకు పంపియ్యి. అత్తమ్మ సూసుకుంటది. నీకు గూడ తిప్పలు తప్పుతయి."

"పాలు తాగే పిల్లను తల్లి దగ్గర నుంచి తియ్యరు" అన్నాను.

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాడు. ఈ వాక్యానికి జవాబు లేదు. గుర్తుంచుకోవాలి.

20 సెప్టెంబర్

పిల్లను ఎత్తుకుని నడిచే పోయి వచ్చాను. మోకాలు బాగానే ఉంది.

21 సెప్టెంబర్

మోకాలు బాగా లేదు.

ఆటోలవాళ్లు కూడా రెండు రోజులు బంద్ అన్నారు. మా ఆయన తాను ఎత్తుకుంటానని చెప్పులు తొడుక్కున్నారు. కంటి ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది, బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు. చెప్పులు విప్పించాను. నేనే పోయాను. ఆస్పత్రి మెట్ల మీద నా అవతారం చూసి సుస్మిత నీళ్లు తెచ్చింది.

"అత్తమ్మా, మీరు గిట్ల ఎండల నడుసుడు నేను సూడలేను. కొన్ని దినాలు మా అమ్మకాడ ఉండనియ్యున్రి."

కొన్ని దినాలు! వియ్యపురాలు నాగవ్వ తన పెద్దబిడ్డ కొడుకును 'పది దినాల కోసం' అని తీసుకుపోయింది. వాడిప్పుడు సిరిసిల్లలో మూడో తరగతి చదువుతున్నాడు. కన్నతల్లిని పిన్నీ అంటాడట. నాగవ్వ మంచి మనిషి. పిల్లల విషయంలో మాత్రం ఆమెకు తీసుకోవడమే తెలుసు, తిరిగి ఇవ్వడం తెలియదు.

సైకిల్ కొనాలి. తొక్కేది మా ఆయన, కన్ను కుదుటపడ్డాక. అంతలోపు మంచిది చూసి పెట్టడంలో తప్పు లేదు.

22 సెప్టెంబర్

కొత్త బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం. బంద్ కాబట్టి షట్టర్ సగమే ఎత్తారు. మా ఆయనా నేనూ వంగి లోపలికి పోయాం. నౌషాద్ అనే కుర్రవాడు పెద్ద నల్ల సైకిల్ బయటికి లాగాడు.

"గిది తీస్కోండి మేడం. రెండు బస్తాల వడ్లు ఏసినా కదలది. ఎవరు తొక్కుతరు?"

"మా ఆయన."

"ఇంకేంది, సారుకు దండె సైకిల్ అలవాటే ఉంటది."

"మధ్యలో ఆ అడ్డ దండె వద్దు. వెనక పిల్ల కూర్చుంటుంది. మనిషి కాలు తిప్పి ఎక్కితే మడమ పిల్ల మొహానికి తగులుతుంది. ముందు నుంచి ఎక్కే సైకిల్ కావాలి."

"అంటే లేడీస్ సైకిలా?" అన్నారు మా ఆయన.

"పిల్లలు పట్టే సైకిల్."

"జగిత్యాల మొత్తం నవ్వుతది గదనే!"

"జగిత్యాల మొత్తం సమ్మెలో ఉంది. నవ్వే పని కూడా బందే."

నౌషాద్ నవ్వాడు. వాడు సమ్మెలో లేడు.

దండె లేనిది మూడు వేల తొమ్మిది వందలు. హ్యాండిల్‌కు తగిలించే ప్లాస్టిక్ కుర్చీ మరో పద్నాలుగు వందలు. ఆ కుర్చీలో మూడు ఇటుకలు పెట్టి హ్యాండిల్ తిప్పమన్నాను. తిప్పగానే సైకిల్ వాడి మీదే పడింది. ముందు కుర్చీ పనికిరాదు. నేను రెండు వేలు దాటను. వంగి బయటికి వచ్చాం.

ఆటోలు లేవు. నాగలి సామాన్లు తీసుకుపోతున్న ట్రాలీలో కూర్చుని పోయి పాలు తాగించాను.

23 సెప్టెంబర్

కలలో సైకిల్. తొక్కింది ఎవరో గుర్తు లేదు. చీర మాత్రం నాది.

24 సెప్టెంబర్

నాగవ్వ ఫోన్.

"వదినే, సాలు తియ్యి నీ కట్టం. రేపు గాదు, అచ్చే ఐతారం మా కొడుకు బాలకిషన్ బండేసుకోని అస్తడు. పిల్ల బట్టలు సర్ది పెట్టు."

"పాలు తాగే పిల్లను తల్లి దగ్గర నుంచి తియ్యరు."

"పాలకేమాయె? మా ఇంట్ల బర్రె ఉన్నది."

ఆ వాక్యానికి జవాబు ఉందని ఇప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది. కోపంలో అనకూడని మాట అన్నాను: ఆ ఆదివారం లోపల మన్ను పగటిపాలు ఒక్క రోజు తప్పినా నేనే బట్టలు సర్ది పంపిస్తాను అని.

"మాటంటే మాటే వదినే."

"నేను ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. మాట మార్చను."

ఫోన్ పెట్టాక మా ఆయన అడిగారు: "గిప్పుడు ఏం జేస్తవ్?"

"కోరుట్ల పోతాను."

25 సెప్టెంబర్, ఆదివారం

సుస్మితకు సెలవు కాబట్టి పాలకు ఢోకా లేదు. మల్లాపూర్‌లో సభ ఉందని ఒక ట్రాక్టర్ కోరుట్ల మీదుగా పోతోంది. ఎక్కించుకున్నారు. డబ్బులు వద్దన్నారు కానీ ఊరూరా జై తెలంగాణ అనాలన్నారు. ఉచిత ప్రయాణం నాకు నచ్చదు. కాబట్టి అందరికంటే గట్టిగా అన్నాను. కోరుట్ల చేరేసరికి గొంతు పోయింది.

ఇనాయతుల్లా పాత సైకిళ్లు బాగుచేసి అమ్ముతాడు. బస్సులు ఆగినప్పటి నుంచి దుకాణం జాతరలా ఉంది. లోపల గోడకు ఆనించి ఆకుపచ్చ సైకిల్ ఒకటి. దండె లేదు. చీర చక్రంలో పడకుండా జాలీ ఉంది. రెండు కాళ్ల స్టాండు ఉంది. పిల్లను కూర్చోబెట్టేటప్పుడు పక్కకు ఒరగదు. బ్రేకులు గట్టిగా పడుతున్నాయి. నాకు నచ్చలేదన్నట్టు మొహం పెట్టాను.

"రెండు వేల రెండు వందలు టీచరమ్మా. మెట్‌పల్లి డాక్టరమ్మ తొక్కిన సైకిల్ ఇది."

పరదా వెనక నుంచి వాళ్లావిడ రాబియా బీ గొంతు: "ఏ డాక్టరమ్మ? ఆర్నెల్ల సంది గోడకు ఆనిచ్చి ఉన్నది. దుమ్ము తుడ్వలేక సస్తున్న. పదిహేను వందలియ్యి అక్కా, తీస్కపో!"

"నువ్వు నా దుకాణంల ఉన్నవా, కొనేటోళ్ల పార్టీల ఉన్నవా?" అన్నాడు ఇనాయతుల్లా.

"పిల్లల తల్లుల పార్టీల ఉన్న."

పదిహేను వందలకే వచ్చింది. క్యారియర్ మీద మేదరి బుట్టకుర్చీ, దానికి వీపు ఆనే పలక, నడుముకు, భుజాలకు పట్టీలు. పిల్ల కాళ్లు చక్రం పుల్లల్లో పడకుండా రెండు వైపులా రేకు కొట్టమన్నాను. అన్నీ కలిపి మరో నాలుగు వందలు. పంతొమ్మిది వందలు. రెండు వేల లోపే.

"ఎవరు తొక్కుతరు?" అన్నాడు ఇనాయతుల్లా, పానా చేతిలో పట్టుకుని.

"మా ఆయన."

సరే అని సీటును అడుగుకు దించి బిగించాడు. మా ఆయన ఆరడుగుల మనిషి. ఎందుకు దించావని నేను అడగలేదు. మళ్లీ బిగించడానికి అతనికి శ్రమ.

తిరుగు ప్రయాణం అదే ట్రాక్టర్‌లో. గొంతు లేదు కాబట్టి చెయ్యి మాత్రం ఎత్తాను.

26 సెప్టెంబర్

కొత్త చైను. తిరగకపోతే పట్టేస్తుంది. బడులు మూసి ఉన్నాయి కాబట్టి తెల్లవారగానే హైస్కూలు మైదానంలోకి తీసుకుపోయి కొంచెం తిప్పాను. వరంగల్‌లో ట్రైనింగ్ రోజుల్లో హాస్టల్ వెనక నేర్చుకున్నది కాళ్లు మరిచిపోలేదు. చేతులు మరిచిపోయాయి.

పాలకు ఆటోలో పోయాం. ముప్పై.

27 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ. మోచేతికి పసుపు పెట్టుకున్నాను. గునుగుపూలు కోస్తుంటే గీసుకుంది.

"గునుగుపూలకు గ్రీసు ఉంటదా?" అన్నారు మా ఆయన. ఒక కంటికి పచ్చ గుడ్డ ఉన్నా ఆయనకు అన్నీ కనిపిస్తాయి.

28 సెప్టెంబర్

మలుపులు వచ్చాయి. అంటే చైను బాగా తిరుగుతోంది.

29 సెప్టెంబర్

ఉట్టి సైకిల్ వేరు, పిల్ల బరువున్న సైకిల్ వేరు. మన్ను తొమ్మిది కిలోలు. మన్నును పెట్టి ప్రయోగాలు చేయలేం కదా. తొమ్మిది కిలోల బియ్యం గుడ్డసంచిలో పోసి కుట్టాను. పట్టీలు భుజాల మీద నిలుస్తాయో లేదో చూడాలంటే భుజాలు కావాలి. మా ఆయన పాత తెల్లచొక్కా తొడిగి, చేతుల్లో గుడ్డపీలికలు కుక్కాను. పాత తువ్వాలు ఉండచుట్టి తల చేశాను. మంచి పని.

సాయంత్రం చూస్తే తలకు బొగ్గుతో మీసాలు.

"మన్నుకు మీసాలు ఎందుకు?"

"దిష్టి తగలద్దని పెట్టిన" అన్నారు మా ఆయన, అమాయకంగా.

తుడిస్తే ఇంకా నల్లగా అలుక్కుంది. వదిలేశాను.

30 సెప్టెంబర్

ఈ రోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. ఊరంతా వేరే విధంగా చెప్పుకుంటోంది.

మధ్యాహ్నం పాలు తాగించడం అయ్యాక, సాయంత్రం సంచిపిల్లను కుర్చీలో కట్టి ఆస్పత్రి దారి పట్టాను. సైకిల్‌ను నడిపించుకుంటూనే పోయాను. మధ్యలో కొంచెం ఎక్కాను. బాగా నడిచింది. అయితే క్లాక్ టవర్ దగ్గర దీక్షా శిబిరం. రోజూ సాయంత్రం అక్కడ ఎవరో ఒక నాయకుడి దిష్టిబొమ్మ కాల్చడం ఆనవాయితీ. ఆ సంగతి నాకు తెలియాల్సింది.

"అరే, బొమ్మ అచ్చింది! సరోజన టీచర్ తెచ్చింది!"

చప్పట్లు. డప్పు. నేను స్టాండు వేసేలోపే ఇద్దరు కుర్రవాళ్లు పట్టీలు విప్పేశారు. ఒకడు నడుము పట్టుకున్నాడు, ఒకడు తల పట్టుకున్నాడు. మూడోవాడి చేతిలో కిరోసిన్ సీసా.

"ఆగండిరా! అది నా మనవరాలు!"

డప్పు ఆగింది. అందరూ నా మనవరాలిని చూశారు. తెల్లచొక్కా, బొజ్జ, నల్లటి మీసం.

"మీసాలు మంచిగ అచ్చినయ్ మేడం" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

శిబిరంలోంచి పోశం పరుగెత్తుకొచ్చాడు. ఆరో తరగతిలో నా దగ్గర చదివాడు. ఇప్పుడు తానే టీచరు, సమ్మెలో ముందు వరుస. నన్ను చూడగానే ఇప్పటికీ చేతులు వెనక్కి దాచుకుంటాడు.

"మేడం, ఇయ్యాల బొమ్మ చేసేటోడు రాలే. జనం జమైన్రు. నా ఇజ్జత్ పోతది. గిది జర ఇయ్యున్రి."

"లోపల తొమ్మిది కిలోల సన్నబియ్యం ఉంది. అన్నం కాల్చి రాష్ట్రం తెస్తావా?"

"అయ్యయ్యో, బియ్యమా!" కిరోసిన్ సీసా రెండడుగులు వెనక్కి పోయింది.

చివరికి రాజీ కుదిరింది. బియ్యం సంచి నాది, చొక్కా, తల, మీసం ఉద్యమానివి. కడుపులో వరిగడ్డి కుక్కారు. అది బరువు తేలదు, నా పరీక్షకు పనికిరాదు అని చెప్పినా ఎవరూ వినలేదు. పోశం మైకు తీసుకున్నాడు: "ఉద్యమం కోసం సొంత అంగి దానం జేసిన ఆగయ్య సారుకు జై! ఈ వయసుల సైకిల్ తొక్కుకుంట అచ్చిన మన సరోజన మేడంకు జై!"

మైకులో చెప్పేవన్నీ నమ్మకూడదు.

ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే చేరింది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నా అంగి నాయకుని లెక్క కాలిందట గద. బతికినన్ని దినాలు నాకు గంత మర్యాద దక్కలే." సైకిల్ సీటు తట్టి, "తొక్కినవట?" అన్నారు.

"చైను తిప్పాను."

1 అక్టోబర్

ఈ రోజు ఏ ఆటో లేదు. రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు, గంజులు, విస్తళ్లు అడ్డంగా పరిచారు. ట్రాక్టర్ కూడా పోదు. సైకిల్ అయితే అంచు వెంట పోతుంది.

పగటిపాలు ఈ ఒక్క రోజు తప్పినా రేపు బాలకిషన్ పిల్లను తీసుకుపోతాడు. మా ఆయన కంటికి ఇంకా రెండు వారాలు పడుతుంది. వేరే దారి లేదు. లేకపోవడం నా తప్పు కాదు.

మన్నును కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, మళ్లీ బిగించి, మా ఆయనతో కూడా లాగించి చూసి బయలుదేరాను. కొంగు నడుముకు చుట్టాను. మొదటి మలుపు దాటేదాకా ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు. వంటల దగ్గర ఆడవాళ్లు గరిటెలు ఎత్తి, "టీచరమ్మా, పప్పు తినిపో!" అని పిలిచారు. వెనక నుంచి మన్ను ఒకటే కేరింతలు. నేను బెల్లు కొడితే అది "టింగు!" అనేది. అది "టింగు" అంటే నేను కొట్టేదాన్ని. దారిలో అవసరానికి మించి బెల్లు కొట్టాను.

ఆస్పత్రి మెట్ల దగ్గర సుస్మిత నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నేను స్టాండు వేసి, "సమయానికే వచ్చాం" అన్నాను.

లోపలి గదికి పోయి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ తిప్పుకుని, తలుపు వైపు చెయ్యి చాపి, "టింగు!" అంది.

సుస్మిత మెల్లగా చెప్పింది: "అత్తమ్మా, నాలుగు దినాల సంది గిట్లనే జేస్తున్నది. ఊకె నోరు పెట్టి తీస్తది. రాత్రి గూడ సరిగ తాగుతలేదు. మీరు గంత కట్టపడి తెస్తుంటే నాకు చెప్పబుద్ధి కాలే."

పాలు మానింది. ఎవరూ మాన్పించకుండా, తనంతట తాను, ఈ వారంలోనే.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. బర్రె ఉన్న ఇల్లు ఇద్దరికీ గుర్తొచ్చి ఉంటుంది. నేను మాట ఇచ్చాను. మాట మార్చనని కూడా చెప్పాను.

ఇంటికి వచ్చాక మా ఆయన అడిగారు: "తాగిందా?"

"ఎండ ఎక్కువగా ఉంది" అన్నాను.

2 అక్టోబర్, ఆదివారం

పది గంటలకు బాలకిషన్ వచ్చాడు. సిరిసిల్ల నుంచి పుట్నాలు, చెల్లెకు చీర, మన్నుకు గౌను తెచ్చాడు. ఖాళీ సంచి కూడా తెచ్చాడు. దాన్ని కుర్చీకి తగిలించాడు. మన్ను బట్టలకట.

"ఏం టీచరమ్మా, సిరిసిల్ల దాకా మీ ముచ్చటే! మీసాల మనవరాలట!"

నవ్వాడు. నేను నవ్వలేదు. నా కళ్లు సంచి మీదే ఉన్నాయి.

"మా అమ్మ ఒక్కటే అడుగుమన్నది. పగటిపాలు గిట్ల తప్పినయా?"

నేను నోరు తెరిచాను. నిజమే చెప్పేదాన్ని. అంతలో వంటింట్లోంచి సుస్మిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"యాడ తప్పుతయ్ అన్నా! పగటిపాలు లేకుంటే ఇల్లు పీకి పందిరేస్తది. ఆగు, యాళ్లయింది, ఇప్పుడే తాపుకస్త."

పిల్లను తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పన్నెండు ఇంకా కాలేదు. బాలకిషన్ పుట్నాలు నములుతూ తలుపు వైపు చూస్తున్నాడు. లోపల నుంచి మన్ను ఏడుపు మొదలైంది. పాలు వద్దనే ఏడుపు. ఆ ఏడుపు తెలిసిన వాళ్లకు తెలుస్తుంది, బాలకిషన్‌కు ఇద్దరు పిల్లలు.

నేను చాయ్ పెడతానని లేచి పెరట్లోకి పోయాను. గది కిటికీ కొంచెం తెరిచి ఉంది. సుస్మిత మొహం కనిపించింది.

"అత్తమ్మా" అంది, పెదాలతో మాత్రమే. "అరటిపండు!"

వంటింట్లో గెల ఉంది. రెండు తెంపి కిటికీ చువ్వల్లోంచి అందించాను. ఒకటి సరిపోయేది. ఏడుపు ఆగింది.

కాసేపటికి సుస్మిత తలుపు తీసి, కొంగుతో పిల్ల మూతి తుడుస్తూ వచ్చింది. "తాగింది. కడుపునిండ."

బాలకిషన్ పిల్లను ఎత్తుకున్నాడు. ముద్దు పెట్టుకోబోయి ఆగాడు. వాసన చూశాడు.

"అరటిపండు వాసనొస్తున్నది గద?"

సుస్మిత నన్ను చూసింది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతోంది.

"పాలు బాగా పడాలని సుస్మిత రోజూ అరటిపండ్లు తింటోంది" అన్నాను. "తల్లి ఏది తింటే పాలు ఆ వాసనే వస్తాయి. ఆరో తరగతి సైన్సులో ఉంది. మీరు చదవలేదా?"

"ఏమో టీచరమ్మా, ఆరుల నేను రెండుసార్లు తప్పిన" అన్నాడు బాలకిషన్.

భోంచేసి ఖాళీ సంచి మడిచి బండి పెట్టెలో పెట్టుకుని పోయాడు. బండి మలుపు తిరిగేదాకా ముగ్గురం గేటు దగ్గరే నిలబడ్డాం. తర్వాత సుస్మిత నా పక్కకు వచ్చింది.

"మా అమ్మకు ఇయ్యనని నేను చెప్పలేను అత్తమ్మా. చిన్నప్పటి సంది ఆమె ముందల నాకు నోరు లేవది. మీరు సైకిల్ మీద అచ్చినంక నాకు గూడ జర ధైర్యం అచ్చింది."

"రేపు పన్నెండున్నరకు మామూలుగానే తీసుకొస్తాను. సమయానికి గదిలో ఉండు" అన్నాను.

"ఎందుకత్తమ్మా?"

"పగటిపాలకు."

నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది.

6 అక్టోబర్

దసరా. సైకిల్ కడిగి బొట్టు పెట్టాం. మా ఆయన జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "డ్రైవరమ్మా, అలాయ్ బలాయ్" అన్నారు. బెల్లు కొట్టాను.

14 అక్టోబర్

ఆయన కన్ను బాగుందని, ఇక సైకిల్ తొక్కవచ్చని డాక్టర్ అన్నాడు. సీటు ఆయనకు మరీ కిందికి ఉంది. దాన్ని ఎత్తడం వీలుకాదు. ఇనాయతుల్లాను అడగలేదు కానీ, కాదనే అనుకుంటున్నాను.

17 అక్టోబర్, సోమవారం

బస్సులు మొదలయ్యాయి. ఆటోలు పది రూపాయలకే వస్తున్నాయి. నాగవ్వ ఫోన్ చేసింది. మన్ను ఇంకా పగటిపాలు మానలేదని చెప్పాను. బస్సులో పిల్లకు వాంతి వచ్చేలా ఉంటుంది. ఎండ పూర్తిగా ఎక్కకముందే, పన్నెండుకల్లా సైకిల్ తియ్యాలి.